ఉమ్మడి శుక్రవారం ప్రార్థనలకు కీర్తనల కాగితం: నంబర్లు ఎందుకు కలవట్లేదు, ఎట్లా చదివించాలి?

పాలెం_కార్యదర్శి

అందరికీ వందనాలు. మాది నాగర్‌కర్నూల్ వైపు మెన్నోనైట్ బ్రదరన్ సంఘం. ఈ శ్రమల దినాల్లో (ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం) ఊళ్లోని కేథలిక్ విచారణ (పారిష్) వాళ్లతో కలిసి శుక్రవారం సాయంత్రాలు ప్రార్థన పెట్టుకుందామని పెద్దలు అనుకున్నారు. వాక్యం ఒక వారం మా పాస్టర్ గారు, ఒక వారం వాళ్ల ఫాదర్ గారు చెప్తారు. కీర్తన మాత్రం అందరూ కలిసి ఉత్తర ప్రత్యుత్తరంగా చదవాలి. దానికి కాగితం తయారుచేసే పని నాకు అప్పజెప్పారు.

వాళ్ల ఉపదేశి గారు పాత ప్రార్థన పుస్తకం చూసి ఇచ్చిన జాబితా ఇది: 6, 31, 37, 50, 101, 129, 142. పశ్చాత్తాప కీర్తనలు ఏడు అన్నారు. మా బైబిల్లో 50 తీస్తే ఆసాపు కీర్తన వస్తోంది, అందులో పశ్చాత్తాప ప్రార్థనే లేదు. 37 తీస్తే చెడ్డవాళ్లను చూసి వ్యసనపడొద్దు అనే కీర్తన. జాబితా తప్పా, నేను చూసేది తప్పా?

ఇంకొన్ని సందేహాలు. పైన ఉండే శీర్షిక చదవాలా? మధ్యమధ్యలో వచ్చే "సెలా" అనే మాట చదవాలా? ఒక వచనం నాయకుడు, ఒక వచనం సభ అని పంచేస్తే సరిపోతుందా? మా దాంట్లో యెహోవా, వాళ్ల దాంట్లో ప్రభువు. కాగితం మీద ఏది వేయాలి? వచ్చేవాళ్లలో సగం మంది చదువురాని పెద్దవాళ్లు, వాళ్లను ఎట్లా కలుపుకోవాలి?

---

మూలప్రతి_నల్గొండ

వందనాలు బ్రదర్. జాబితా సరైనదే, మీ బైబిలూ సరైనదే. ఉపదేశి గారు ఇచ్చినవి గ్రీకు, లాటిన్ వరుస నంబర్లు. మన బైబిలు నడిచేది హెబ్రీ వరుసలో. మీ లెక్కలో ఆ ఏడు ఇవి: 6, 32, 38, 51, 102, 130, 143. మొదటిది తప్ప మిగతా వాటన్నిటికీ ఒకటి కలిపితే చాలు.

అయితే అన్నిచోట్లా ఒకటి కలిపితే కుదరదు. తేడా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలి. 1 నుంచి 8 దాకా రెండు వరుసలూ ఒక్కటే. మన 9, 10 కీర్తనలు గ్రీకులో కలిసి ఒకే 9వ కీర్తన. అక్కడి నుంచి మన 113 దాకా గ్రీకు నంబరు ఒకటి తక్కువ. మన 114, 115 మళ్లీ కలిసి గ్రీకు 113. ఆ వెంటనే మన 116 రెండు ముక్కలవుతుంది: 1–9 వచనాలు గ్రీకు 114, 10–19 వచనాలు గ్రీకు 115. మన 117 నుంచి 146 దాకా మళ్లీ ఒకటి తక్కువ. మన 147 కూడా రెండు: 1–11 వచనాలు గ్రీకు 146, 12–20 వచనాలు గ్రీకు 147. దాంతో లెక్క సరిపోయి 148, 149, 150 రెంటిలోనూ ఒకేలా ఉంటాయి.

చేతికి వచ్చిన పుస్తకం ఏ వరుసదో తెలియకపోతే కాపరి కీర్తన చూడండి. "యెహోవా నా కాపరి" 22లో ఉంటే అది గ్రీకు వరుస, 23లో ఉంటే హెబ్రీ వరుస.

ఏ వరుస అసలుది అని అడిగితే రెండూ కొంత సరి, కొంత కాదు. 9, 10 కలిపి ఒకే అక్షరమాల కీర్తన. హెబ్రీ అక్షరాలు వరుసగా 9లో మొదలై, మధ్యలో కొన్ని తప్పిపోయినా, 10లో ముగుస్తాయి. 10కి శీర్షిక కూడా లేదు. కాబట్టి అక్కడ గ్రీకు వాళ్లు కలిపి ఉంచడమే న్యాయం. 114, 115 దగ్గర మాత్రం కలపడానికి నాకు కారణం కనబడదు: ఒకటి ఐగుప్తు నుంచి బయటికి వచ్చిన సంగతి, ఇంకొకటి విగ్రహాల మీద విమర్శతో నడిచే సభా ప్రార్థన. ఇక 42, 43 ఒకే కీర్తన అని చదివితేనే తెలుస్తుంది. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అనే పల్లవి 42:5లో, 42:11లో, మళ్లీ 43:5లో వస్తుంది. దాన్ని మాత్రం రెండు వరుసలూ రెండుగానే పెట్టాయి. మీరు ఎప్పుడైనా 42 చదివిస్తే 43 కూడా కలిపి చదివించండి.

కీర్తన నంబరు సర్దుకున్నాక వచనం నంబరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. హెబ్రీ, గ్రీకు, లాటిన్ ప్రతుల్లో శీర్షిక కూడా వచనాల లెక్కలోకి వస్తుంది. మన తెలుగు బైబిల్లో రాదు. "దావీదు కీర్తన" వంటి పొట్టి శీర్షిక మొదటి వచనంలోనే కలిసిపోతుంది కాబట్టి తేడా ఉండదు. శీర్షిక పొడుగ్గా ఉంటే దానికే ఒక వచనం పోతుంది. 51, 52, 54, 60 కీర్తనల్లో ఏకంగా రెండు పోతాయి. "శుద్ధహృదయము కలుగజేయుము" మనకు 51:10. హెబ్రీలో 51:12, లాటిన్‌లో 50:12. ఆదికాండం, మత్తయి లాంటి పుస్తకాల్లో ఈ గోల లేదు గనుక చాలామంది దీన్ని అచ్చుతప్పు అనుకుంటారు. కాగితం మీద "కీర్తన 51 (పాత వరుసలో 50)" అని వేయండి, వచనాల నంబర్లు అసలు వేయకండి. రెండు పక్షాల పోట్లాట ఒకేసారి తప్పుతుంది.

శీర్షిక సంగతి. 150లో 116 కీర్తనలకు శీర్షికలున్నాయి. అందులో 13 దావీదు జీవితంలోని ఒక సంఘటనను చెప్తాయి: 3, 7, 18, 34, 51, 52, 54, 56, 57, 59, 60, 63, 142. ఇలాంటివి నాయకుడు ఒక్కడే చదవాలి. 51కి నాతాను ప్రవక్త దావీదు దగ్గరికి వచ్చిన సందర్భం తెలిస్తే సభకు కీర్తన తొందరగా అందుతుంది. "ప్రధానగాయకునికి", ఫలానా రాగం మీద, ఫలానా వాయిద్యం మీద అన్నవి పాడేవాళ్లకు ఇచ్చిన సూచనలు, సభకు అక్కర్లేదు. ఇలాంటి మాటలు ప్రాచీన అనువాదకులకే సరిగ్గా తెలియలేదు. "ప్రధానగాయకునికి" అన్నదాన్ని గ్రీకు వాళ్లు "అంతము కొరకు" అని రాశారు. ఆ మాట పట్టుకుని అంత్యదినాల మీద వ్యాఖ్యానాలు అల్లినవాళ్లున్నారు.

---

హాలియా_కోయిర్_అక్క

వందనాలు అన్నా. నంబర్ల సంగతి పై అన్న చెప్పిండు. చదివించే సంగతి నేను చెప్త.

వచనం నాయకుడికి, వచనం సభకు అని లెక్కబెట్టి పంచితే చాలాసార్లు చెడిపోతది. 24వ కీర్తన తీసుకోండ్రి. "మహిమగల యీ రాజు ఎవడు?" అన్న ప్రశ్న, దాని జవాబు రెండూ 8వ వచనంలనే ఉన్నయి. వచనాల లెక్కన పంచితే ప్రశ్న అడిగినోళ్లే జవాబు చెప్పుకుంటరు. అది గుడి గుమ్మం ముందట లోపలోళ్లు, బయటోళ్లు మాట్లాడుకునే కీర్తన. ప్రశ్న ఒక దిక్కు, జవాబు ఇంకో దిక్కు పడాలె. అందుకే పంచే ముందు ఒకసారి గట్టిగ చదువుకొని, ఎవరు ఎవరితోని మాట్లాడుతున్నరో పెన్సిల్‌తోని గీత గీసుకోవాలె.

గొంతు మారే జాగలు ఇట్ల ఉంటయి. 95ల ఏడో వచనం దాకా మనం మాట్లాడుతం, ఎనిమిది నుంచి దేవుడు మాట్లాడుతడు. 91ల చివరి మూడు వచనాలు దేవుని మాటలు. 32ల ఎనిమిదో వచనం కాడ గొంతు మారుతది. ఇసొంటి జాగల సభను ఆపి, వేరే ఒక్క గొంతుతోని చదివించాలె. వెనక వరుసల నిలబడ్డ ఒక్క మనిషి చదివితే ఇంకా మంచిగుంటది.

గొంతు మారని కీర్తనలను సగం సగం పంచుండ్రి. కీర్తనల వచనం చాలామట్టుకు రెండు పాదాలు. మొదటి పాదంల చెప్పిన మాటనే రెండో పాదం తిప్పి చెప్తది, లేకుంటే పెంచి చెప్తది. 51 మొదటి వచనంల "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము" నాయకుడు, "నీ వాత్సల్య బాహుళ్యముచొప్పున నా అతిక్రమములను తుడిచివేయుము" సభ. ఇట్ల అయితే చెవికి తెలుస్తది. పాదం ఇరగని వచనం వస్తే బలవంతంగ ఇరగ్గొట్టొద్దు, మొత్తం ఒకళ్లకే ఇయ్యాలె. క్రియ అవతల పడి కర్త ఇవతల మిగిలితే వినేటోళ్లకు అర్థం పోతది.

చదువురానోళ్లకు పల్లవి పద్ధతే దిక్కు. కీర్తనల నుంచి ఒక్క మాట తీసి పల్లవి చెయ్యుండ్రి, ఆరేడు మాటలకు మించొద్దు. మొదలు నాయకుడు రెండుసార్లు అని, సభతోని రెండుసార్లు అనిపించి, తర్వాత రెండు మూడు వచనాలకు ఒకసారి పల్లవి. 136ల ఇరవై ఆరు వచనాలకు "ఆయన కృప నిరంతరముండును" వస్తది. అది మొదటి నుంచే ఇట్ల పాడుకునేటందుకు కట్టిన కీర్తన. 46ల 7, 11 వచనాల్ల, 107ల 8, 15, 21, 31 వచనాల్ల, 80ల 3, 7, 19 వచనాల్ల పల్లవి కీర్తనలనే ఉన్నది, మనం కొత్తగ కట్టే పనిలేదు. కంజీర, తాళాలు పెడితే వేగం పెరుగుతది, చూసుకోండ్రి. పశ్చాత్తాప కీర్తనలకు నేనైతే హార్మోనియం శ్రుతి ఒక్కటే పెట్టి ఊకుంట.

సెలా చదవొద్దు. ఆడ ఒక్క ఊపిరి ఆగాలె, అంతే. 46ల 3, 7, 11 వచనాల చివర సెలా ఉన్నది. చరణం ముగిసే జాగ అదే, అచ్చంగ ఆగేటందుకు పెట్టినట్టే ఉంటది. సభ మొత్తం "సెలా" అని గట్టిగ అంటే వినేటోళ్లకు అదేదో దేవుని పేరు అనిపిస్తది.

---

ఉపదేశి_దేవరకొండ

ప్రభువునందు ప్రియ సోదరులకు వందనాలు. సెలా గురించి అక్క చెప్పిన దాంతో ఏకీభవిస్తున్నాను. కీర్తనల్లో ఆ మాట 71 సార్లు వస్తుంది, హబక్కూకులో ఇంకో 3 సార్లు. గ్రీకులో దాన్ని వాయిద్య విరామం అని అర్థం వచ్చే మాటతో అనువదించారు. జెరోము హెబ్రీ నుంచి చేసిన లాటిన్ అనువాదంలో మాత్రం "ఎల్లప్పుడు" అని వేశారు. అంత పెద్ద పండితులే ఒక మాట మీద కుదరలేదు గనుక మనం మౌనంగా ఉండటమే మేలు.

శుక్రవారాలు లెక్కపెట్టారా? విభూతి బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం నుంచి మంచి శుక్రవారం దాకా సరిగ్గా ఏడు. ఏడు కీర్తనలు, ఏడు శుక్రవారాలు అని సంబరపడి అట్లాగే పంచితే మంచి శుక్రవారం నాడు 143 వస్తుంది. ఆ రోజు 22 చదవాలని మీ వాళ్లు ఎట్లాగూ అడుగుతారు. అందుకని 130, 143 రెండూ ఆరో శుక్రవారానికి కలపండి. ఒకటి 8 వచనాలు, ఒకటి 12, కలిపినా 51 అంతే. 102 ఒక్కటే పెద్దది, 28 వచనాలు. ఆ వారం వాక్యం కొంచెం తగ్గించుకోమని ముందే చెప్పాలి.

22 చదివేటప్పుడు 18వ వచనంలో బట్టలు పంచుకోవడం కాడ ఆపేస్తుంటారు. ఆపొద్దు, 31 వచనాలూ చదవండి. 21వ వచనం దాకా మొర, 22 నుంచి స్తుతి. మొరను సభ చదివి, స్తుతి దగ్గర నాయకుడు మొదలుపెడితే మలుపు తెలుస్తుంది. మా పూజలో 22 మ్రానికొమ్మల ఆదివారం నాడు వస్తుంది. మంచి శుక్రవారం భక్తికీర్తన 31. "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను" అన్నది అందులోదే.

మా విచారణల్లో తపస్కాలపు శుక్రవారాలు సిలువ మార్గం (యేసు సిలువ మోసిన దారిని స్థలం స్థలంగా తలచుకునే ప్రార్థన) ఉంటుంది. మీ ప్రార్థన దానికి ముందా, తర్వాతా అన్నది ఫాదర్ గారితో ముందే తేల్చుకోండి. పద్నాలుగు స్థలాలు మోకరించి లేచిన పెద్దవాళ్లను మళ్లీ అరగంట నిలబెట్టి కీర్తన చదివిస్తే మూడో వారానికి సగం మంది రారు.

మా వాళ్లు కీర్తన చివర త్రిత్వ స్తుతి (తండ్రికి, కుమారునికి, పరిశుద్ధాత్మకు మహిమ అనే మాటలు) కలుపుతారు, మీ వాళ్లకు అలవాటు ఉండకపోవచ్చు. కాగితం మీద వేయకపోతే ఒక పక్క వాళ్లు మొదలుపెట్టి ఇంకో పక్క వాళ్లు తెల్లమొహం వేస్తారు. వేస్తే అందరికీ వేయండి, లేకుంటే నాయకుడు కీర్తన ముగియగానే "కూర్చుందాం" అనేయాలి.

యెహోవా, ప్రభువు విషయంలో మాకు స్పష్టమైన నియమం ఉంది. 2008లో వాటికన్ నుంచి వచ్చిన ఉత్తరం ప్రకారం ఆరాధనలో యెహోవా అని మీరు చదివే ఆ నాలుగు హెబ్రీ అక్షరాల దేవుని నామాన్ని పలకకూడదు, ప్రభువు అనే అనాలి. ప్రార్థన మందిరంలో యూదులు చేసేదీ ఇదే, గ్రీకు అనువాదం చేసిందీ ఇదే. కాబట్టి మా వాళ్లు యెహోవా అని చదవడానికి తడబడతారు. మీ వాళ్లకు ప్రభువు అనడానికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

---

పాలెం_కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. ప్రభువు అనే వేద్దాం, మా పాస్టర్ గారు సరే అన్నారు.

22 అనగానే ఒకటి గుర్తొచ్చింది. 16వ వచనంలో "నా చేతులను నా పాదములను పొడిచియున్నారు" అని ఉంది కదా, హెబ్రీలో అసలు అట్లా లేదని, "సింహము వలె" అని ఉందని మా యూత్ కుర్రాడు యూట్యూబ్‌లో చూసి అడిగాడు. అదే కుర్రాడు ఇంకోటి కూడా పట్టుకొచ్చాడు. కీర్తన 40:6లో "నీవు నాకు చెవులు నిర్మించియున్నావు" అని, దాన్నే చెప్తున్న కొత్త నిబంధనలోని హెబ్రీయుల పత్రిక 10:5లో "నాకొక శరీరమును అమర్చితివి" అని ఉంది. బైబిలే బైబిల్ని తప్పుగా చెప్తుందా అంటున్నాడు. వాక్యం చెప్పేవాళ్లకు ముందే ఏదైనా రాసివ్వాలి.

---

మూలప్రతి_నల్గొండ

కుర్రాడు మంచి ప్రశ్న వేశాడు, కసరకండి.

రెండో దానితో మొదలుపెడదాం, అది తేలిక. మన పాత నిబంధన హెబ్రీ నుంచి అనువదించింది. కొత్త నిబంధన రాసినవాళ్లు గ్రీకులో రాశారు, కీర్తనలను ఎక్కువగా అప్పటికే వాడుకలో ఉన్న గ్రీకు అనువాదం నుంచి ఎత్తి రాశారు. దాని పేరు సెప్టువజింట్, డెబ్బైమంది అనువాదం అని అర్థం. ఐగుప్తులోని అలెగ్జాండ్రియా యూదుల కోసం క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ధర్మశాస్త్రంతో ఈ పని మొదలైంది, మిగతా పుస్తకాలు ఆ తర్వాత వచ్చాయి. 40:6లో హెబ్రీ "చెవులు తవ్వావు" అంటే, గ్రీకు "శరీరాన్ని సిద్ధపరిచావు" అంటుంది. తెలుగు అనువాదకులు ఎక్కడి మూలాన్ని అక్కడ నమ్మకంగా తెలుగు చేశారు కాబట్టే మనకు తేడా కనబడుతోంది. రెండు చోట్లా ఒకేలా దిద్ది ఉంటే అది దొంగపని అయ్యేది. ఇదే రకం తేడా 8:5లోనూ ఉంది. కీర్తనలో "దేవునికంటె వానిని కొంచెము తక్కువవానిగా", హెబ్రీయుల పత్రిక 2:7లో "దేవదూతలకంటె". అక్కడ దేవుడు అన్న హెబ్రీ మాటను గ్రీకు అనువాదకుడు దేవదూతలు అని తీసుకున్నాడు.

వాక్యం చెప్పేవాళ్లకు ఇవ్వాల్సింది ఇంతే: కీర్తన చదివే రోజు హెబ్రీ పాఠం చదవండి, హెబ్రీయుల పత్రిక చదివే రోజు గ్రీకు పాఠం చదవండి, ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని దిద్దకండి.

22:16 అంత తేలిక కాదు. మనం వాడే హెబ్రీ పాఠం మసోరెట్ పండితులు అచ్చులు పెట్టి భద్రపరిచింది, దాని పూర్తి చేతిప్రతుల్లో పాతది 1008వ సంవత్సరం నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి. అందులో ఆ చోట "సింహము వలె నా చేతులు, నా పాదములు" అని ఉంది, వాక్యంలో క్రియే లేదు. గ్రీకులో "తవ్వారు" అనే క్రియ ఉంది. హెబ్రీలో ఈ రెండు మాటలకూ తేడా చివరి అక్షరం ఒక్కటే. యోద్ అయితే సింహం, వావ్ అయితే క్రియ. చేతిరాతలో యోద్ పొట్టి గీత, వావ్ పొడుగు గీత. సిరా కొంచెం జారినా ఒకటి ఇంకోటి అవుతుంది. మృత సముద్రం దగ్గరి నహల్ హెవెర్ గుహలో దొరికిన కీర్తనల చుట్టలో ఆ చోట వావ్ ఉన్నట్టు చదివారు. ఆ చుట్ట మసోరెట్ ప్రతుల కంటే తొమ్మిది వందల ఏళ్లకు పైగా పాతది. కాబట్టి "పొడిచియున్నారు" అన్నది క్రైస్తవులు కల్పించింది కాదు, క్రీస్తుకు ముందే యూదులు చేసిన గ్రీకు అనువాదంలోనే క్రియ ఉంది. అట్లాగని "సింహము" అన్న పాఠం యూదులు కావాలని మార్చారు అనడం కూడా అన్యాయం; గీత పొడుగు తేడాతో వచ్చే పాఠానికి కుట్ర అక్కర్లేదు. ఇంకో సంగతి: కొత్త నిబంధన 22వ కీర్తన నుంచి చాలా మాటలు ఎత్తింది గానీ ఈ ఒక్క పాదాన్ని ఎక్కడా ఎత్తలేదు. ప్రసంగం మొత్తం దీని మీద నిలబెట్టొద్దని పాస్టర్ గారికి చెప్పండి. మొదటి వచనం సిలువ మీద యేసు నోటి నుంచి వచ్చింది, అది చాలు.

---

వనపర్తి_పాఠకుడు

ఇంత తిరకాసు ఎందుకు? హెబ్రీ మూలం ఉండగా గ్రీకు, లాటిన్, సిరియా అనువాదాలతో మనకేం పని? మూలం ఒక్కటే చాలనేది నా మాట.

---

మూలప్రతి_నల్గొండ

మూలమే ముఖ్యం, ఒప్పుకుంటాను. కానీ మూలంలోనే ఒక వచనం జారిపోతే? 145 తీయండి. అది అక్షరమాల కీర్తన, 22 హెబ్రీ అక్షరాలకు 22 వచనాలు ఉండాలి. మన బైబిల్లో 21 ఉన్నాయి. 13, 14 వచనాల మధ్య నూన్ అక్షరంతో మొదలవ్వాల్సిన వచనం లేదు. గ్రీకులో ఆ వచనం ఉంది, సిరియా వాళ్ల అనువాదం పెషిట్టలో ఉంది. 1956లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను 11వ గుహలో దొరికిన కీర్తనల చుట్టలో హెబ్రీలోనే దొరికింది. దేవుడు తన మాటలన్నిటిలో నమ్మదగినవాడు, తన క్రియలన్నిటిలో కృపగలవాడు అని దాని భావం. ఈ మధ్య వచ్చిన అనువాదాలు కొన్ని దాన్ని 13వ వచనంలో కలిపాయి. మీ బైబిళ్లు రెండు రకాలైతే 145 చదివేటప్పుడు ఒక పక్క వాళ్లు రెండు పాదాలు ఎక్కువ చదువుతారు, చూసుకోండి.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది, అనువాదాలను గుడ్డిగా నమ్మొద్దనడానికి. రోమా 3:10–18లో పౌలు చాలా చోట్ల నుంచి మాటలు ఏరి ఒక దండగా కూర్చాడు: 14వ కీర్తన, 5వ కీర్తన, 140, 10, 36, యెషయా 59. తర్వాత ఎవరో లేఖకుడు ఆ దండ మొత్తాన్ని 14వ కీర్తనదే అనుకుని గ్రీకు కీర్తనలోకి ఎక్కించాడు. అక్కడి నుంచి లాటిన్‌లోకి, అక్కడి నుంచి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకపు కీర్తనల్లోకి వచ్చింది. హెబ్రీలో ఆ పాదాలు లేవు. సాక్షులు నలుగురుంటే ఒకరి పొరపాటు ఇంకొకరి దగ్గర బయటపడుతుంది, నేననేది అంతే.

151వ కీర్తన గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. గ్రీకులో ఉంది, దాని శీర్షికలోనే "లెక్కకు బయటిది" అని రాసి ఉంది. దావీదు, గొల్యాతు సంగతి. కుమ్రాను చుట్టలో దీని హెబ్రీ రూపం దొరికింది. ఆర్థడాక్స్ సంఘాలు బైబిల్లో ఉంచాయి, మీరూ కేథలిక్కులూ ఇద్దరూ ఉంచలేదు. మీ ప్రార్థనకు దాంతో పనిలేదు.

---

ఉపదేశి_దేవరకొండ

శాప వచనాల మాట ఎవరూ ఎత్తలేదు. 143 చివరి వచనంలో "నా శత్రువులను సంహరింపుము" అనే భావం వస్తుంది. ఊళ్లో పొలం గట్టు తగాదాలు నడుస్తున్న రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుంటే అది ఒకరి మీద ఒకరు చదివినట్టు అవుతుంది. మా గడియల ప్రార్థనలో (రోజులో వేర్వేరు వేళల్లో కీర్తనలు చదివే ప్రార్థన పుస్తకం) 58, 83, 109 మూడు కీర్తనలు పూర్తిగా తీసేశారు, 137:7–9, 139:19–22 లాంటి వచనాలు కొన్ని వదిలేశారు. వదిలేయడం తప్పనే వాళ్లూ ఉన్నారు. బాధపడ్డవాడి నోరు మూయొద్దు కదా అంటారు. అది పండితుల సభలో తేల్చుకోవచ్చు. ఉమ్మడి ప్రార్థనలో 143ను 11వ వచనం కాడ ఆపండి, కాగితం మీద "1–11" అని బాహాటంగా వేయండి. చాటుగా కత్తిరిస్తే బైబిలు తెచ్చుకున్న పెద్దాయన ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

---

పాలెం_కార్యదర్శి

అట్లాగే చేస్తాను. 130కి ముసాయిదా టైప్ చేశాను. యెహోవా ఉన్న చోటల్లా ప్రభువు అని కంప్యూటర్లో ఒకేసారి మార్చేశాను. 6వ వచనంలో కావలివారి మాట రెండుసార్లు పడింది, రెండోది అచ్చుతప్పు అనుకుని తీసేశాను. ఎనిమిది వచనాలు చెరో నాలుగు పంచాను. ఇంకేమైనా చూడాలా?

---

హాలియా_కోయిర్_అక్క

అన్నా, ప్రింటుకు ఇయ్యకముందే ఆగు.

కావలివారి మాట తియ్యొద్దు, అది రెండుసార్లే ఉన్నది. తెల్లారేదాక ఎదురుచూసేటోడు ఒక్కసారి అని ఊకోడు. మొదటిసారి నాయకుడు, రెండోసారి సభ మెల్లగ అంటే ఆ వచనమే కీర్తన మొత్తానికి పానం అయితది.

ఒకేసారి మార్చుడు కూడ వద్దు. మూడో వచనంల "యెహోవా, నీవు దోషములను కనిపెట్టి చూచినయెడల ప్రభువా, ఎవడు నిలువగలడు?" అని ఉన్నది. రెండు పేర్లు పక్కపక్కన వస్తయి. మొత్తం మారిస్తే ప్రభువా, ప్రభువా అని ఒక్క ఊపిరిల రెండుసార్లు వచ్చి నాలుక తిరగదు. మొదటి దాన్ని "దేవా" అని పెట్టుకోండ్రి. మొదటి వచనంల "యెహోవా" పిలుపు, దాని జాగల "ప్రభువు" కాదు, "ప్రభువా" అని పడాలె. కంప్యూటరుకు ఆ తేడా తెల్వదు. ఏడో వచనంల "యెహోవామీద" మాత్రం "ప్రభువుమీద" కావాలె, ఆడ కూడ "ప్రభువా" అని మారిస్తే "ప్రభువామీద" అయితది. ఒక్కొక్కటి చేతితోనే మార్చాలె.

చెరో నాలుగు పంచకు. 1 నుంచి 4 దేవునితోని మాట్లాడేది, సగం సగం చదవాలె. 5, 6 తనలో తాను అనుకునేది, సభ మొత్తం. 7, 8 జనంతోని చెప్పేది, నాయకుడు సభ దిక్కు తిరిగి ఒక్కడే చదవాలె. ఆడ సభ నోరు తెరవద్దు, వాళ్లకు చెప్పే మాట అది.

అక్షరాలు 16 సైజుకు తక్కువ వద్దు. సభ పాదాలు లావు అక్షరాల్ల పెట్టి, నాయకుని పాదాలు మామూలుగ వదిలెయ్యి. కీర్తన కాగితం వెనక్కి తిరగకుండ ఒక్క వైపే పట్టాలె, 102 ఒక్కటి రెండు వైపులైతది. ఆ 102 కాగితం తిప్పే జాగల చరణం ముగియాలె: 11వ వచనం చివర ఆపి, "యెహోవా, నీవు నిత్యము" అని మొదలయ్యే 12 నుంచి వెనక వైపు పెట్టు. ఆడ మొర ఆగి గొంతు మారుతది, కాగితాల చప్పుడు కూడ విరామంల కలిసిపోతది.